గ్రిడ్ కనెక్షన్ ఆలస్యమైతే ఫోర్స్ మెజ్యూర్ వర్తిస్తుందా? 50 మెగావాట్ల సోలార్ ప్రాజెక్టు విషయంలో సందేహం

ప్రశ్న (సోలార్ ప్రాజెక్టు మేనేజర్, అనంతపురం):

సభ్యులకు నమస్కారం. నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగు. ఒప్పందాల భాష నాకు అంతగా తెలియదు కాబట్టి, ఇక్కడున్న న్యాయవాదులు, ట్రాన్స్‌మిషన్ రంగంలో పనిచేసిన పెద్దలు దారి చూపగలరని ఆశతో రాస్తున్నాను.

మాది అంతర్రాష్ట్ర గ్రిడ్‌కు కలిసే 50 మెగావాట్ల ప్రాజెక్టు. విద్యుత్ కొనుగోలు ఒప్పందం ప్రకారం 2025 మార్చి 31 నాటికి ఉత్పత్తి ప్రారంభించాలి. మా ప్లాంటు విద్యుత్తంతా వచ్చి చేరే పూలింగ్ సబ్‌స్టేషన్ నుంచి గ్రిడ్ సబ్‌స్టేషన్ దాకా 14 కిలోమీటర్ల 220 కేవీ లైను మేమే వేసుకోవాలి. అక్కడ మా లైను వచ్చి కలిసే బే (ఒక లైనుకు కేటాయించిన స్విచ్‌ల అర) మాత్రం ట్రాన్స్‌మిషన్ లైసెన్సీ, అంటే గ్రిడ్ లైన్లు నడిపే సంస్థ, కట్టాలి. ఆ బే జూన్ దాకా సిద్ధం కాదని జనవరి 28న మాకు లేఖ వచ్చింది. చివరికి జూన్ 20న సిద్ధమైంది. మేము జులై 24న పూర్తి సామర్థ్యంతో ఉత్పత్తి మొదలుపెట్టాము.

ఇప్పుడు కొనుగోలుదారు సంస్థ 115 రోజుల జాప్యానికి నష్టపరిహారం కట్టమంటోంది. మేమిచ్చిన బ్యాంకు గ్యారంటీ 10 కోట్లు. ఒప్పందంలో దాన్ని 180 రోజులకు పంచి, ఆలస్యమైన ప్రతి రోజుకూ ఒక భాగం చొప్పున కోసుకోవచ్చని ఉంది. ఆ లెక్కన సుమారు 6 కోట్ల 39 లక్షలు పోతాయి. ఫోర్స్ మెజ్యూర్ (తప్పించుకోలేని ఘటనల వల్ల పని ఆగితే మినహాయింపు ఇచ్చే) నిబంధన ఉన్న పదకొండో అధికరణాన్ని నాలుగైదు సార్లు చదివాను. భూకంపం, తుపాను, వరద, యుద్ధం, సమ్మె అన్నీ ఉన్నాయి కానీ గ్రిడ్ అనే మాటే లేదు. పైగా ఘటన తెలిసిన ఏడు రోజుల్లో నోటీసు ఇవ్వాలని రాసి ఉంది. మేము ఇచ్చింది ఏప్రిల్ 20న.

ఇంకొక సంగతి దాచకుండా చెప్పాలి. మా లైనులో చివరి నాలుగు టవర్ల దగ్గర రైతులు అడ్డుకోవడంతో జూన్ 5 దాకా తీగ లాగలేకపోయాము. ఇది మా వాదనను దెబ్బతీస్తుందా?

జవాబు (న్యాయవాది, హైదరాబాదు):

మీరు దాచకుండా చెప్పడం మంచిదైంది, ఎందుకంటే ఆ నాలుగు టవర్ల సంగతి ఎదుటి పక్షానికి ఈపాటికే తెలిసి ఉంటుంది.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. మన చేతిలో లేని కారణంతో పని ఆగితే అది దానంతట అదే ఫోర్స్ మెజ్యూర్ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. భారతీయ చట్టంలో ఫోర్స్ మెజ్యూర్ అనే సాధారణ హక్కు ఏదీ లేదు, ఒప్పందంలో ఏది రాసుకున్నారో అదే హక్కు. 2017 ఏప్రిల్ 11న ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని స్పష్టం చేసింది. ఒప్పందంలోనే ఇలాంటి నిబంధన ఉన్నప్పుడు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 32వ సెక్షన్ కింద ఆ నిబంధన మాటలనే చూడాలని, ఒప్పందం ఊహించని ఘటన దాని పునాదినే దెబ్బతీసినప్పుడు మాత్రమే 56వ సెక్షన్ అక్కరకొస్తుందని కోర్టు చెప్పింది. ఆ కేసులో ఇండోనేషియా బొగ్గు ధర పెరగడం వల్ల విద్యుత్ కంపెనీలకు భారం పెరిగిన మాట నిజమే అయినా, భారం పెరగడం వేరు, పని అసాధ్యం కావడం వేరు అన్నది ఆ తీర్పు సారాంశం. అంటే గ్రిడ్ అనే మాట పదకొండో అధికరణంలో లేకపోతే, ఆ జాబితా చివర 'మొదలైనవి' అన్న అర్థంలో ఉండే సాధారణ వాక్యం మీద ఆధారపడాల్సి వస్తుంది. అదే అధికరణంలో మినహాయింపుల పేరా ఒకటి ఉంటుంది కదా, అందులో కాంట్రాక్టర్ల జాప్యం, యంత్రసామగ్రి ఆలస్యంగా రావడం వంటివి ఫోర్స్ మెజ్యూర్ కావని రాసి ఉంటుంది. ఎదుటి పక్షం మీ మీదికి ముందుగా విసిరేది ఆ పేరానే.

అందుకే మీరు చదవవలసింది పదకొండో అధికరణం కాదని నా అనుమానం. అంతర్రాష్ట్ర గ్రిడ్‌కు కలిసే సౌర విద్యుత్ ఒప్పందాల్లో, నేను చూసినంత వరకు, గడువు పొడిగింపు గురించిన పేరా వేరుగా, డెవలపర్ బాధ్యతలు చెప్పే నాలుగో అధికరణంలో ఎక్కడో ఉంటుంది. గ్రిడ్ సబ్‌స్టేషన్ గానీ, విద్యుత్తును తరలించే వ్యవస్థ గానీ సిద్ధం కాకపోతే, అది సిద్ధమైన తేదీ నుంచి 60 రోజుల దాకా ప్రారంభ గడువును పొడిగిస్తారని కొన్నిటిలో రాసి ఉంటుంది. మీ దానిలో ఉందేమో చూసి, ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి. ఒక్క కామా కూడా వదలవద్దు.

అడిగినవారు:

మీ మాట నిజమేనండీ. నాలుగో అధికరణం చివర ఉంది. ఫోర్స్ మెజ్యూర్ అంటే పదకొండోదే అనుకుని ఇన్నాళ్లూ అక్కడే వెతికాను. అందులో ఉన్నది ఇది: కనెక్టివిటీకి, గ్రిడ్ యాక్సెస్‌కు డెవలపర్ సంపూర్ణమైన దరఖాస్తును గడువులోగా పెట్టి, తాను చేయవలసిన చర్యలన్నీ తీసుకున్నప్పటికీ, డెలివరీ పాయింటు వద్ద సబ్‌స్టేషన్ సిద్ధం కావడంలో జాప్యం జరిగి, ఆ జాప్యం డెవలపర్‌కు ఆపాదించదగినది కాకపోతే, ప్రారంభ గడువును సబ్‌స్టేషన్ సిద్ధమైన తేదీ నుంచి 60 రోజుల దాకా పొడిగించాలి.

జవాబు (విశ్రాంత ట్రాన్స్‌మిషన్ ఇంజనీరు, కర్నూలు):

చట్టం సంగతి లాయరు గారే చెప్పాలి. సబ్‌స్టేషన్ యార్డులో 'సిద్ధం' అన్న మాటకు అర్థమేమిటో నేను చెబుతాను. ఈ కేసులన్నీ చివరికి ఆ ఒక్క మాట మీదే తిరుగుతాయి.

బేలో బ్రేకరు, ఐసొలేటర్లు, కరెంటును, వోల్టేజీని కొలిచే సీటీలు, సీవీటీలు అన్నీ నిలబెట్టి, ఫొటో తీసి 'సిద్ధం' అని లేఖ పంపేవాళ్లున్నారు. రిలేలు టెస్టు కాకుండా, కమ్యూనికేషన్ లింకు లేకుండా, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ (సీఈఏ) ఇన్‌స్పెక్టర్ అనుమతి రాకుండా ఆ బేకు ప్రాణం పోయడం కుదరదు. ఒక సబ్‌స్టేషన్‌లో నేను కళ్లారా చూశాను. బే అంతా రంగు వేసి మెరిసిపోతోంది కానీ ఎర్త్ స్విచ్చి మోటారు రాలేదు. కంట్రోల్ రూములో ప్యానెల్ డబ్బాలకు చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. కాగితం మీద మాత్రం అది నెల రోజుల ముందే సిద్ధమైంది. కాబట్టి జూన్ 20 అనే తేదీని ఎవరు, ఏ కాగితం మీద ధ్రువీకరించారో చూసుకోండి. లైసెన్సీ లేఖ ఒక్కటే సరిపోదు. గ్రిడ్‌లో విద్యుత్ ప్రవాహాన్ని నియంత్రించే దక్షిణ ప్రాంత లోడ్ డిస్పాచ్ సెంటర్ బెంగళూరులో ఉంది. బేను మొదటిసారి చార్జి చేసినప్పుడు వాళ్లిచ్చిన కాగితం, ట్రయల్ రన్ సర్టిఫికెట్ తెప్పించండి. సెంట్రల్ ట్రాన్స్‌మిషన్ యుటిలిటీ జరిపే జాయింట్ కోఆర్డినేషన్ కమిటీ (జేసీసీ) సమావేశాల మినిట్స్ కూడా తీయండి. మనం జేసీసీ మినిట్స్ అంటామే, అవే. ప్రతి సమావేశంలో మీ ప్రాజెక్టు ఎదుట మీ స్థితి, ఆ బే స్థితి పక్కపక్కనే రాస్తారు. ఆ పట్టిక మీద వాదించడం ఎవరికైనా కష్టం.

మీ నాలుగు టవర్ల సంగతికి వస్తే, సొంత లైనుకు దారి తెచ్చుకోవడం డెవలపర్ పని అనే అందరూ అంటారు, నేనూ అంటాను. రైతు అడ్డుకోవడం మనకు కొత్త కాదు, ముందే ఊహించవలసినది. 2003 విద్యుత్ చట్టంలోని 68వ సెక్షన్ కింద లైనుకు అనుమతి తీసుకున్నాక, అదే చట్టం 164వ సెక్షన్ కింద ప్రభుత్వం నుంచి అధికారం తెచ్చుకుని ఉంటే, 1885 టెలిగ్రాఫ్ చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం కలెక్టరు గారి దగ్గరికి వెళ్లవచ్చు. మీరు వెళ్లారా, ఎప్పుడు వెళ్లారు అన్నది మొదటి ప్రశ్న అవుతుంది. 2024 జూన్ 14 నాటి కేంద్ర మార్గదర్శకాలు టవరు పాదం కింది స్థలానికి భూమి విలువలో 200 శాతం, తీగల కింది దారికి 30 శాతం పరిహారం సూచించిన తర్వాత రైతులు ఆ కాగితం పట్టుకునే మాట్లాడుతున్నారు, అందులో తప్పూ లేదు.

రాజస్థాన్, గుజరాత్ లైన్ల సంగతి వేరు. బట్టమేక పక్షి కోసం 2021 ఏప్రిల్ 19న సుప్రీంకోర్టు ఆ ప్రాంతాల్లో లైన్లను భూమి కిందికి మార్చాలని ఆదేశించినప్పుడు, డెవలపర్ ఎంత జాగ్రత్తపడినా దాన్ని తప్పించుకోగలిగేవాడు కాదు. 2024 మార్చి 21న కోర్టే ఆ ఆదేశాన్ని సవరించింది. మన నంద్యాల జిల్లా రోళ్లపాడులోనూ ఆ పక్షి కోసం అభయారణ్యం ఉందని కుర్రవాళ్లలో చాలామందికి తెలియదు. సరే, విషయానికి వస్తాను. కోర్టు ఆదేశానికీ నలుగురు రైతుల అభ్యంతరానికీ ఒకే పేరు పెట్టబోకండి. ఆ పని చేస్తే మీ బలమైన వాదన కూడా పలచబడుతుంది.

జవాబు (న్యాయవాది, హైదరాబాదు):

ఇంజనీరు గారి చివరి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. టవర్ల గొడవను ఫోర్స్ మెజ్యూర్ అని ఎక్కడా రాయవద్దు.

మీరు రాసిన వాక్యం మీకు ఎంతో అనుకూలంగా ఉంది. జూన్ 20 నుంచి 60 రోజులంటే ఆగస్టు 19. మీరు జులై 24నే మొదలుపెట్టారు. వాక్యం వర్తిస్తే జాప్యమే లేదు, 115 రోజుల లెక్క మొత్తం పోతుంది. ఎదుటి పక్షం ఏమంటుందంటే, మీ లైను జూన్ 5 దాకా పూర్తి కాలేదు కాబట్టి అప్పటివరకు ఆలస్యానికి కారణం మీరేననీ, బే వల్ల పోయింది జూన్ 5 నుంచి 20 దాకా 15 రోజులేననీ అంటుంది. దీనికి మీ జవాబు రెండు అంచెల్లో ఉండాలి. మీ లైను మార్చి 31కే పూర్తయి ఉన్నా జూన్ 20 దాకా దాన్ని కలపడానికి చోటే లేదు కనుక, అసలు జాప్యానికి కారణం బేనే అన్నది మొదటిది. రెండోది ఇంకా గట్టిది: ఆ వాక్యంలో సబ్‌స్టేషన్ జాప్యం మీకు ఆపాదించదగినదా అన్నదే షరతు, మీ లైను ముందే సిద్ధంగా ఉండాలన్న షరతు లేదు. సిద్ధమైన తర్వాత 60 రోజులు ఇవ్వడంలోని ఉద్దేశమే అది. బే జూన్‌లో వస్తుందని జనవరిలోనే తెలిసినవాడు లక్షలు వడ్డీ కట్టుకుంటూ మార్చికే అంతా బిగించి కూర్చోవాలని ఒప్పందం కోరడం లేదు. అయితే 'తాను చేయవలసిన చర్యలన్నీ' అన్న మాటలో టవర్లను ఇరికించే ప్రయత్నం తప్పక జరుగుతుంది. ఆ మాట కనెక్టివిటీ దరఖాస్తుకు సంబంధించినదే అని వాక్య నిర్మాణం నుంచే చూపాలి. కామా వదలవద్దన్నది అందుకే.

నోటీసు విషయం. ఏడు రోజుల షరతు పదకొండో అధికరణానిది. నాలుగో అధికరణంలోని పొడిగింపుకు కూడా అదే నోటీసు కావాలని ఎక్కడైనా రాసి ఉందేమో చూడండి. లేకపోతే దాన్ని మీ మీద రుద్దలేరు. ఉంటే మాత్రం ఏప్రిల్ 20 నోటీసు బలహీనమే. అలాంటప్పుడు జేసీసీ మినిట్స్ కొనుగోలుదారుకు ఎప్పుడు చేరాయో చూపి, వాళ్లకు ముందే తెలుసని వాదించవచ్చు కానీ, అది రెండో వరుస వాదనే.

డబ్బు విషయంలో ఆశ పెట్టుకోవద్దు. పొడిగింపు ఇచ్చేది సమయాన్ని మాత్రమే. ఆ మూడు నెలల వడ్డీని కొనుగోలుదారు ఇవ్వడు. లైసెన్సీకి తన ఒప్పందంలో తన ఫోర్స్ మెజ్యూర్ తనకు ఉంటుంది, అది మీకు బదిలీ కాదు.

మీరు అడగకపోయినా చెప్పవలసింది ఒకటుంది. మీరు ప్రారంభించింది 2025 జూన్ 30 దాటాక. అంతర్రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ చార్జీల పూర్తి మాఫీ ఆ తేదీతో ముగిసి, తర్వాతి ఏడాది మొదలైనవాటికి 75 శాతానికి తగ్గింది. మీ తప్పు వల్ల మాఫీ పోతే ఆ భారం మీదేనని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. 25 ఏళ్ల పాటు ఆ తేడా మీ మెడకు పడితే 6 కోట్లు చిన్న మొత్తంగా కనిపిస్తుంది. కాబట్టి నష్టపరిహారం మాఫీ చేయమని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. ప్రారంభ గడువును ఆగస్టు 19కి పొడిగిస్తున్నట్టు లిఖితపూర్వకంగా ఇవ్వమని అడగండి. మాఫీ విషయంలో రేపు పనికొచ్చేది ఆ పొడిగింపు కాగితమే.

అడిగినవారు:

మాఫీ సంగతి మాకు తట్టనే లేదండీ. వాళ్లు గ్యారంటీని వెంటనే నగదు చేసుకుంటారేమోనని మా యాజమాన్యం భయపడుతోంది. కోర్టుకు వెళ్లి ఆపవచ్చా?

జవాబు (న్యాయవాది, హైదరాబాదు):

బ్యాంకు గ్యారంటీని ఆపించడం చాలా కష్టం. ఘోరమైన మోసమో, తిరిగి పూడ్చలేని అన్యాయమో చూపితే తప్ప కోర్టులు జోక్యం చేసుకోవు. మీ వివాదం ఎలాగూ విద్యుత్ చట్టం 79వ సెక్షన్ కింద కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి ముందుకే వెళ్లాలి. అక్కడ పిటిషన్ వేసి, తేలేదాకా గ్యారంటీ జోలికి వెళ్లవద్దని మధ్యంతర ఉత్తర్వు అడగవచ్చు. ముందు ఈ వారంలోనే కొనుగోలుదారుకు ఒక లేఖ పంపండి. అందులో నాలుగో అధికరణం వాక్యాన్ని పూర్తిగా ఎత్తి రాసి, లోడ్ డిస్పాచ్ సెంటర్ కాగితం, జనవరి 28 లేఖ, జేసీసీ మినిట్స్ జతచేయండి. ఫోర్స్ మెజ్యూర్ అన్న మాటను చివరి పేరాలో, 'పై హక్కులకు భంగం లేకుండా, ప్రత్యామ్నాయంగా' అన్న మాటల తర్వాత ఒక్కసారి మాత్రమే వాడండి. అలాగే మీ ప్రాజెక్టును కట్టిపెట్టిన ఈపీసీ కాంట్రాక్టరుకు ఇచ్చిన గడువు పొడిగింపు పత్రంలో కారణం ఏమని రాశారో ఇవాళే తీసి చూడండి. అందులో 'టవర్ల వద్ద అడ్డంకుల వల్ల' అని రాసి సంతకం పెట్టి ఉంటే, లేఖ పంపే ముందు నాకు చెప్పండి.