ప్రజాధనంతో లేచే వాణిజ్య సముదాయాలకు షరతులు పెట్టవచ్చా?

పాతూరు నివాసి, అనంతపురం:
ఊరి నడిబొడ్డున కార్పొరేషన్ స్థలాన్ని బిల్డరుకు దీర్ఘకాల లీజుకిచ్చి, రోడ్డు, మురుగుకాలువ కూడా ప్రజాధనంతోనే వేయించినప్పుడు, అద్దెలు మాత్రం బిల్డరుకే చేరుతాయి. పాతూరులో తెల్లవారకముందే గోనెపట్ట పరిచి చీనీకాయలు కుప్పలు పోసుకునే ఆడవాళ్లకు ఆ భవనంలో చోటెక్కడ? చిరువ్యాపారులకు తక్కువ అద్దె గదులు, స్థానికులకు ఉద్యోగాలు, ఆడవారికి మరుగుదొడ్లు ఒప్పందంలోనే రాయించవచ్చా? అలా రాయిస్తే బిల్డర్లు ముందుకు రారన్న వాదనకు సమాధానమేమిటి?

కర్నూలు నుంచి ఒక అధ్యాపకుడు:
రాయించవచ్చు. లాస్ ఏంజిలస్‌లో స్టేపుల్స్ సెంటర్ అనే క్రీడా ప్రాంగణం (ఇప్పుడు పేరు మారింది) పక్కన హోటళ్లు, దుకాణాలు, ఇళ్లు కట్టదలచిన సంస్థ 2001లో చుట్టుపక్కల బస్తీల సంఘాలతో కుదుర్చుకున్న ఒప్పందంలో, ఇళ్లలో 20 శాతం తక్కువ ఆదాయం గలవారికి అందుబాటులో ఉండాలనీ, పార్కులకు 10 లక్షల డాలర్లు ఇవ్వాలనీ ఉంది. అయినా బిల్డరు వెనక్కి పోలేదు, నిర్మాణం జరిగింది. డెట్రాయిట్‌లో 2016లో ఓటర్లు ఆమోదించిన ఆర్డినెన్సు ప్రకారం, 7.5 కోట్ల డాలర్లు లేదా అంతకు మించిన ప్రాజెక్టు కనీసం 10 లక్షల డాలర్ల పన్ను రాయితీ గానీ, అంత విలువైన నగర భూమి గానీ పొందితే, ఆ ప్రాంతవాసుల మండలితో చర్చించి తీరాలి. చర్చ తప్పనిసరే గానీ మండలి కోరినవన్నీ ఒప్పుకోవడం తప్పనిసరి కాదు. ఆ చట్టం బలహీనత అక్కడే ఉందని నా అభిప్రాయం.

కడప న్యాయవాది:
ఒక జాగ్రత్త అవసరం. వీధి వ్యాపారుల చట్టం, 2014 ప్రకారం వీధి వ్యాపారుల సర్వే పూర్తయి, వారందరికీ విక్రయ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఏ వ్యాపారినీ ఖాళీ చేయించకూడదు. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడోవంతు మహిళలు. చట్టం ఇప్పటికే ఇచ్చిన దీన్ని బిల్డరు చేసే మేలుగా లెక్కలో చూపనివ్వకండి. షరతులన్నీ దీనికి అదనంగా ఉండాలి.

విశ్రాంత మున్సిపల్ ఇంజినీరు, అనంతపురం:
‘స్థానికులకు ప్రాధాన్యం’ అని రాస్తే రేపు ఎవరూ కొలిచి చూడలేరు. కింది అంతస్తులో ఎన్ని గదులు, ఒక్కొక్కటి ఎన్ని చదరపు అడుగులు, అద్దె ఎన్నేళ్లు పెంచకూడదు అని రాయాలి. బిల్డరు మాట తప్పితే బ్యాంకు సొమ్ము చెల్లించేలా బ్యాంకు గ్యారంటీ తీసుకోవాలి. ఆ గదులూ మరుగుదొడ్లూ పూర్తయితేనే భవనాన్ని వాడుకోవడానికి అనుమతించే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వాలి. బిల్డరుకు పన్నేదైనా మాఫీ చేస్తే, షరతు తప్పినప్పుడు దాన్ని తిరిగి వసూలు చేసే క్లాజు ఉండాలి.

బిల్డర్లు రారన్న భయానికి జవాబు టెండరులోనే ఉంది. షరతులు ముందే అందులో ఉంటే పోటీకి వచ్చే ప్రతివాడూ ఆ ఖర్చును లెక్కవేసుకునే ధర కోట్ చేస్తాడు. కార్పొరేషన్‌కు వచ్చే లీజు మొత్తం కొంత తగ్గవచ్చు, ఆ తగ్గుదలే మనం ఆ గదుల కోసం పెట్టే ఖర్చు. టెండరు ఖరారయ్యాక కొత్త షరతు కలపబోతే వివాదం కోర్టుకెక్కుతుంది. అందువల్ల టెండరు ముసాయిదా కౌన్సిల్ ముందుకు వచ్చేటప్పుడే మీ షరతులను మీ వార్డు కార్పొరేటరుకు లిఖితపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి.