వరదల వేళ సమకాలీన కళా ప్రదర్శన: వాయిదా వెయ్యాలా, రూపం మార్చాలా?

బెజవాడ_కాన్వాస్:
విజయవాడలో సెప్టెంబరు చివరి వారంలో గ్రూప్ షో పెట్టుకున్నాం. 11 మంది ఆర్టిస్టులు. కాగితం మీద వేసినవి 34, కాన్వాసులు 6, వీడియోలు 3, కాల్చని మట్టితో ఒక పెద్ద ఇన్‌స్టలేషన్. హాలు సింగ్ నగర్ వైపు, గ్రౌండ్ ఫ్లోర్. వారం నుంచి వానలు ఆగట్లేదు. ఇద్దరు ఆర్టిస్టుల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అవసరమైతే హాలును పునరావాస కేంద్రానికి ఇచ్చేస్తామని యజమానులు ముందే చెప్పారు. వాయిదా వెయ్యాలా వద్దా అన్నది దేన్ని చూసి తేల్చుకోవాలి? పనులను (ఆర్టిస్టులు చేసిన కళాకృతులను) ఎలా కాపాడుకోవాలి? అసలు ఈ సమయంలో షో పెట్టడం సబబేనా? వరద మీద ఫొటోలు చేసిన ఆర్టిస్టు కూడా ఒకరున్నారు.

గోడమేకు:
ముందు హాలు సంగతి. పునరావాస కేంద్రానికి అడిగితే మారుమాట లేకుండా ఇచ్చెయ్యండి. ఆ షరతును ఇప్పుడే ఒప్పందంలో రాయించుకోండి: ఎన్ని గంటల ముందు చెబుతారు, అడ్వాన్సు తిరిగిస్తారా, పనులు సర్దడానికి మనుషుల్ని లోపలికి రానిస్తారా. మొదటి అంతస్తులో రెండో చోటు ఒకటి ఈ వారంలోనే మాట్లాడిపెట్టుకోండి, చిన్నదైనా సరే.

వాయిదా నిర్ణయాన్ని ఆ రోజు మనసుకి తోచినదానికి వదలకండి. ఏం జరిగితే ఏం చేస్తామో ముందే కాగితం మీద పెట్టి 11 మందికీ పంపండి. ప్రకాశం బ్యారేజి దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకు, రెండోది 5.69 లక్షలకు ఇస్తారు. మొదటిది రాగానే కొత్త పనులు హాలుకి తేవడం ఆపండి. రెండోది వస్తే లోపల ఉన్నవి పైకి ఎక్కించండి. అయితే మీ హాలు ఉన్నవైపు అసలు ముప్పు బుడమేరు వాగు. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్ నగర్ మునిగింది బుడమేరు గండ్ల వల్లే. బ్యారేజి అంకెలొక్కటే చూస్తూ కూర్చుంటే మీకు ఆలస్యమవుతుంది. బుడమేరు మీద ఉన్న వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు ఎత్తారన్న వార్తే మీకు రెండో హెచ్చరిక అనుకోండి.

పూర్తిగా పెట్టడం, పూర్తిగా ఆపడం మధ్య ఇంకో దారి ఉంది. షోను మూడు పొరలుగా కట్టండి. హాలు పోయినా నడిచేవి మొదటి పొర: ముద్రించిన పుస్తకం, మాటలు, ఫైళ్లుగా పంపగలిగే వీడియోలు. ఒక్క కారులో పట్టే కాగితం పనులు రెండోది. హాలు ఖాయమైతేనే వచ్చేవి మూడోది: కాన్వాసులు, మట్టి పని. మూడోది రద్దయినా మొదటి రెండూ షోగా నిలబడాలి. పనుల ఎంపిక అప్పుడే ఆలోచించి చెయ్యాలి, తర్వాత కత్తిరిస్తే మిగిలింది అతుకుల బొంతలా ఉంటుంది.

వాయిదా తప్పకపోతే తొందరగా చెప్పండి. 2018 ఆగస్టు కేరళ వరదల తర్వాత కూడా కొచ్చి బినాలే (రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన) అనుకున్నట్టే డిసెంబరు 12న, అనితా దుబే క్యూరేటర్‌గా (పనులు ఎంచి ప్రదర్శనను కూర్చే వ్యక్తిగా) మొదలైంది. 2022లో మాత్రం పని పూర్తికాక చివరి నిమిషంలో డిసెంబరు 23కి జరిపారు. జనం అప్పటికే కొచ్చి చేరారు, పాల్గొన్న ఆర్టిస్టులే బహిరంగ లేఖ రాశారు. వాయిదా పడటంకన్నా కబురు ఆలస్యంగా అందటమే ఎక్కువ బాధపెడుతుంది.

పొడిబట్ట:
పనుల రక్షణ గురించి చెబుతాను. నీళ్లు లోపలికి రాకపోయినా గాలిలో తేమ చాలు పాడుచెయ్యడానికి. 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే కాగితానికి బూజు పడుతుంది. గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్లు మూడు కొనండి. ఒకటి హాలు మధ్యలో, ఒకటి పనులు దాచిన గదిలో, మూడోది బయటిగోడకు తగిలించిన ఫ్రేము వెనక. ఆ మూడోదే నిజం చెబుతుంది. పగలు ఏసీ వేసి రాత్రి కట్టేస్తే చల్లబడిన ఫ్రేముల మీద తడిగాలి తగిలి చెమ్మ పడుతుంది. వేస్తే 24 గంటలూ వెయ్యండి, లేదంటే వెయ్యకుండా ఫ్యాన్లతో గాలి ఆడనివ్వండి. ఫ్రేముల వెనక నాలుగు మూలలా సుమారు 10 మి.మీ. కార్కు ముక్కలు అంటిస్తే గోడ చెమ్మ నేరుగా ఎక్కదు.

ప్యాకింగ్‌లో ఎక్కువగా చెడేది ఇక్కడే: కాగితం పనులకు గ్లాసిన్ పేపరు (నున్నటి పల్చటి కాగితం) సరిపోతుంది, అక్రిలిక్ కాన్వాసుకు మాత్రం అది అంటుకుపోతుంది. వాటికి సిలికోన్ పూత ఉన్న కాగితం వాడండి. బబుల్ ర్యాప్ బుడగలు బయటివైపు ఉండాలి. లోపలివైపు ఉంటే ఎండలో నిలిచిన వ్యానులో రంగు మీద గుండ్రటి అచ్చులు పడతాయి. తడిగా ఉన్న రోజు పాలిథీన్‌లో గట్టిగా చుట్టేస్తే ఆ తేమంతా లోపలే ఉండిపోతుంది.

నీళ్లొచ్చిన ఆ ఇద్దరి పనుల సంగతి ముందు చూడండి, గడువు సుమారు 48 గంటలే. బురదను గుడ్డతో రుద్దొద్దు, రేణువులు కాగితంలోకి దిగిపోతాయి. ఎండలో పెట్టొద్దు. బొమ్మ అద్దానికి అంటుకుపోయి ఉంటే లాగకుండా, అద్దం కిందివైపుండేలా పడుకోబెట్టి అలాగే ఉంచండి. కట్టలుగా తడిసిన కాగితాలను ఒక్కొక్కటిగా విడదీసే తీరిక లేకపోతే చిన్న కట్టలు చేసి, మధ్యమధ్య బటర్ పేపరు పెట్టి, సంచుల్లో వేసి గడ్డకట్టించండి. ఆరబెట్టడం తర్వాత నిదానంగా చేసుకోవచ్చు. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలు దీనికి పనికిరావు, అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు పైనే ఉంటుంది. రొయ్యల ఎగుమతి ప్లాంట్లలో, ఐస్‌క్రీం గోదాముల్లో మైనస్ 18 దొరుకుతుంది. కాన్వాసులను మాత్రం గడ్డకట్టించకూడదు. ఇంక్‌జెట్ ప్రింట్ల పూత తడిసిన కొద్ది గంటల్లోనే ఒకదానికొకటి అతుక్కుంటుంది కాబట్టి, వేటినైనా విడదీసి దండెం మీద వెయ్యాలంటే ముందు వాటినే.

బెజవాడ_కాన్వాస్:
గోడమేకు గారూ, పొడిబట్ట గారూ, చాలా థాంక్స్. ఇద్దరి ఇళ్లకీ ఇవాళే మనుషుల్ని పంపుతున్నాను. మట్టి పని, వీడియోలు, ఇన్సూరెన్స్ గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

మూడో_ఫేజు:
వీడియోలకు ప్రొజెక్టర్లు మానేసి, పెన్‌డ్రైవ్ నుంచి తిరిగి తిరిగి ఆడే టీవీలు పెట్టండి. ల్యాంపు ప్రొజెక్టర్ నడుస్తుండగా కరెంటు పోతే చల్లబరిచే ఫ్యాను కూడా ఆగి ల్యాంపు దెబ్బతింటుంది. ప్రొజెక్టరే కావాలని ఆర్టిస్టు పట్టుబడితే కనీసం 10 నిమిషాలు నిలిపే యూపీఎస్ పెట్టి, కరెంటు పోగానే పద్ధతిగా ఆపాలి. ఒక్కోటి 300 వాట్లు అనుకున్నా మూడూ కలిపి 900, చిన్న జనరేటర్ చాలు. ఏసీలను దాని మీద వెయ్యొద్దు. ఎక్స్‌టెన్షన్ బోర్డులేవీ నేల మీద ఉండకూడదు, మీటరు ఎత్తున గోడకు కట్టండి. లైనుకు 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి) లేని హాల్లో, నేల తడిగా ఉన్నప్పుడు జనాన్ని రానివ్వొద్దు. ఇందులో రాజీ లేదు.

ఇన్సూరెన్స్: పాలసీలో తుపాను, వరద, ముంపు కవర్ ఉందో లేదో అక్షరం అక్షరం చదవండి. ఏజెంట్లు దాన్ని ఎస్‌టీఎఫ్‌ఐ అంటారు. రవాణా కవర్ వేరే తీసుకోవాల్సి రావచ్చు. వాతావరణ హెచ్చరిక వచ్చాక కొత్త కవర్ పుట్టడం కష్టం, అందుకే ఇవాళే ఫోన్ చెయ్యండి. పని విలువ ఇంతని రెండువైపులా ముందే ఒప్పుకున్నట్టు రాసుండాలి. ఆర్టిస్టు ఇంట్లోంచి తీసేటప్పుడే ముందు, వెనక, నాలుగు మూలలు ఫొటోలు తీసి, ఉన్న గీతలు, మరకలు రాసి ఇద్దరూ సంతకాలు చెయ్యండి. ఆ కండిషన్ రిపోర్టు లేకపోతే క్లెయిము అక్కడే ఆగిపోతుంది.

గరాటు:
మట్టి పని కదిలించొద్దు. కాల్చని మట్టి తేమకు మెత్తబడి జారుతుంది, ఏసీలో ఒకేసారి ఆరితే పగులుతుంది. ఆర్టిస్టుతో కూర్చుని, ఆ పనిలో ఏది తప్పనిసరిగా అసలుదే అయ్యుండాలి, ఏది అక్కడికక్కడ మళ్లీ చెయ్యొచ్చు అన్నది విడదీసి రాయించండి. 2022 వెనిస్ బినాలేకి ఉక్రెయిన్ పని చేరింది ఇలాగే. అక్కడి ఆర్టిస్టు పావ్లో మకోవ్ చేసిన ఫౌంటెన్‌లో 78 లోహపు గరాటులు, 12 వరసలు, పైన ఒకటి, కింద పన్నెండు. యుద్ధం మొదలైన ఫిబ్రవరి 24న క్యూరేటర్లలో ఒకరైన మారియా లాంకో ఆ గరాటులను కారులో వేసుకుని కీవ్ నుంచి బయల్దేరారు. మిగతా కట్టుబడి ఇటలీలో చేయించారు. మీ ఆర్టిస్టుకైతే అచ్చులూ కొలతలూ చాలేమో, మట్టి హాలు దగ్గరే దొరుకుతుంది.

సబబేనా అని అడిగారు. ఆర్టిస్టుల డబ్బు సంగతి తేల్చితే సగం జవాబు దొరుకుతుంది. ఒప్పందం మీద సగం ఫీజు వెంటనే ఇవ్వండి, షో రద్దయినా అది వెనక్కి అడగొద్దు. అమ్మకాల్లో వరద సహాయానికి ఎంత శాతం, ఎవరి వాటాలోంచి అన్నది రాసిపెట్టండి. ఇల్లు మునిగిన ఆర్టిస్టు వాటాలోంచి విరాళం కోయడం అన్యాయం. ప్రారంభోత్సవంలో శాలువాలు, వేదిక, ముఖ్య అతిథులు వద్దు. పగలు తలుపులు తెరవండి, చాలు.

వరద ఫొటోల విషయంలో ముఖం గుర్తుపట్టేలా ఉన్న ప్రతి మనిషినీ అడిగి సమ్మతి తీసుకోవాలి. శిబిరంలో వరసలో నిలబడి ఉండగా అడిగితే అది సమ్మతి కాదు, ఇంటికి చేరాక అడగండి. దొరకనివాళ్ల ఫొటోలు పక్కన పెట్టెయ్యండి. 1943 బెంగాల్ కరువులో చిత్రకారుడు చిత్తప్రసాద్ మేదినీపూర్ ఊళ్లు తిరిగి వేసిన బొమ్మల్లో మనుషుల పేర్లు, ఊళ్లు రాసి ఉంటాయి. అందుకే అవి దయనీయమైన ఆకారాలుగా కాక ఫలానా మనుషులుగా కనిపిస్తాయి. మీ లేబుళ్లలో కూడా ఒప్పుకున్నవాళ్ల పేరు, కాలనీ, తేదీ ఉండాలి, ముందు తెలుగులో.

బెజవాడ_కాన్వాస్:
తడిసిన పనుల్లో రెండింటిని అలాగే, మరకలతో వేలాడదీద్దామని ఒక ఆర్టిస్టు అంటున్నారు. చెయ్యొచ్చా?

పొడిబట్ట:
ఆయనే అడిగారు కాబట్టి చెయ్యొచ్చు. పూర్తిగా ఆరాక బూజు ఉందేమో వెనకవైపు టార్చిలైటు ఏటవాలుగా వేసి చూడండి. ఉంటే మిగతా 32 కాగితాలున్న గదిలోకి తేవొద్దు, విడిగా మూసిన ఫ్రేములో పెట్టండి. వాసన వస్తుంటే అసలే వద్దు.