ట్రక్కు లైట్లకి హుక్కు ఎర్త్ సరిపోతుందా, విడిగా వైరు లాగాలా?

పత్తిబండి: మాది ఖమ్మం పక్క పల్లె. పత్తి వేసుకుని రాత్రిపూటే మార్కెట్‌కి బయల్దేరతాం. ట్రాక్టర్‌కి ట్రక్కు తగిలించి పార్కింగ్ లైట్లు వేస్తే బాగానే వెలుగుతాయి, బ్రేకు తొక్కగానే మసకబారతాయి. ఎడమ ఇండికేటర్ వేస్తే కుడిది కూడా మిణుకుమంటోంది. ప్లగ్గు పీకేస్తే ట్రాక్టర్ సొంత లైట్లలో ఏ లోపమూ లేదు. మేస్త్రి చూసి "ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగెళ్ళే దారి, హుక్కులోంచి వస్తుంది, బల్బులు మార్చు" అన్నాడు. నాలుగూ మార్చాను, మళ్ళీ అదే పాట. మా బాబాయేమో ఎర్త్‌కి విడిగా వైరు లాగమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

గేర్‌బాక్స్: మేస్త్రి మాటే వినండి. ఇనుముకి ఇనుము తగిలాక కరెంటు పోకుండా ఎక్కడికి పోతుంది? మా నాన్న హయాం నుంచీ మా ట్రక్కుకి ఎర్త్ వైరే లేదు. మీ లోపం బల్బు హోల్డర్లలో ఉంటుంది. దుమ్ము, తుప్పు.

సన్నవైరు: గేర్‌బాక్స్ అన్నా, ఆ హుక్కు పిన్నుకి రోజూ గ్రీజు పూసేది మీరే కదా? గ్రీజు, తుప్పు, పెయింటు, వీటిని దాటుకుని కరెంటు వెళ్ళాలి. బండి లాగుతున్నప్పుడు పిన్ను బిగిసి తగులుతుంది, గుంటలో పడగానే వదులవుతుంది. బ్రేకు బల్బు 21 వాట్లు, అంటే 12 వోల్టుల మీద ఒక్కోదానికి దాదాపు 1.75 ఆంపియర్లు. రెండు కలిస్తే మూడున్నర, అదంతా ఆ పిన్ను మీదుగానే పోవాలి.

పత్తిబండి తమ్ముడూ, నువ్వు చెప్పినవన్నీ ఎర్త్ పోయిన లక్షణాలే. పార్కింగ్ బల్బు 5 వాట్లే. ఎర్త్ లేకపోతే దాని కరెంటు బ్రేకు బల్బు ఫిలమెంటులోంచి వెనక్కి వెళ్ళి, ట్రాక్టర్ బ్రేకు లైట్ల గుండా ఎర్త్ చేరుతుంది. బ్రేకు తొక్కావంటే ఆ వైరులోకి కూడా 12 వోల్టులు వస్తాయి, దారి మూసుకుపోతుంది. అందుకే మసక. ఇండికేటర్ కథా అంతే, పక్కదాని ఫిలమెంటులోంచి దారి చేసుకుంటోంది.

బల్బులు కొనడం ఆపి ముందు ఈ పని చెయ్యి. మందంగా ఉన్న వైరు ముక్క ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ట్రక్కు ఛాసిస్ (ఇనుప చట్రం) మీద పెయింటు గీకిన చోట పెట్టి బ్రేకు తొక్కించు. లైట్లు కుదురుకుంటే తగాదా తీరినట్టే. ఏడు పిన్నుల సాకెట్టులో 3వ పిన్ను ఎర్త్ కోసమే ఇచ్చారు. పద్ధతి ప్రకారం దానికి తెల్ల వైరు, కానీ మన దగ్గర రంగు చూసి నమ్మకు. చేతికి ఏది దొరికితే అది కలిపేస్తారు.

గేర్‌బాక్స్: మీరు లాగిన వైరు ఎన్నాళ్ళుంటుంది? మలుపు తిరిగితే డ్రాబారు (ట్రక్కుని ట్రాక్టర్‌కి కలిపే ఇనుప కడ్డీ) కింద నలిగి తెగుతుంది. హుక్కు తెగదుగా!

రాత్రిలోడు: ఇదంతా ఎందుకు, ఎల్‌ఈడీలు వేసెయ్యండి.

సన్నవైరు: ఎర్త్ లేకపోతే ఎల్‌ఈడీకి మాత్రం దారేది? పైగా అవి తాగే కరెంటు తక్కువ కాబట్టి ఇండికేటర్‌ని ఆర్పి వెలిగించే పాత ఫ్లాషర్ టకటకా కొట్టుకుంటుంది. దానికి ఇంకో ఖర్చు.

రాత్రిలోడు: సరే, ఒప్పుకున్నా. కానీ బస్తాలు వెనక్కి వేలాడితే ఏ లైటైనా కనపడదు. రేడియం స్టిక్కర్లు కిందికి, అంచుల్లో అంటించండి. టైరు పంక్చరై రోడ్డు పక్కన చీకట్లో ఆగినప్పుడు తెలుస్తుంది వాటి విలువ.

పత్తిబండి: ఇవాళ పొద్దున్నే చూశాం. బోరు మోటారు వైరు ముక్క ఒకటి ఉంటే, కొడవలితో పెయింటు గీకి ఛాసిస్‌కి నొక్కిపట్టాను. మావాడు బ్రేకు తొక్కాడు, రెండు పక్కలా ఎర్రగా వెలిగాయి. వైరు తీస్తే మసక, పెడితే వెలుగు. సాకెట్టు విప్పితే 3వ పిన్ను ఖాళీ! అయితే ఎడమ ఇండికేటర్ మాత్రం గబగబా కొట్టుకుంటోంది. ఆ లైటు అద్దం విప్పి చూస్తే హోల్డర్ నిండా పచ్చటి చిలుము, అడుగున స్ప్రింగు బిగుసుకుపోయింది.

గేర్‌బాక్స్: నేనేం చెప్పాను? హోల్డరు!

సన్నవైరు: ఆ ఒక్కటి మీదే అన్నా, కాదనను. తమ్ముడూ, 3వ పిన్నుకి వైరు వేసేటప్పుడు మలుపుకి సరిపడా వదులు ఉంచి, డ్రాబారు పైనుంచి పైపులో దూర్చు. ఛాసిస్ వైపు కొస టేపు చుట్టి వదిలేయకు, లగ్గు (వైరు కొసకి నొక్కే రింగు) వేసి బోల్టు బిగించు.