అమెరికా ఫోన్ లోపల వేరే కంపెనీ బోర్డు – ఇది డూప్లికేటా?

ప్రశ్న (ఖమ్మం నుంచి)

గ్రూపులో అందరికీ నమస్కారం. మా అల్లుడు డల్లాస్ నుంచి వస్తూ నాకో ఫోన్ తెచ్చాడు. అక్కడ ఒక ప్రీపెయిడ్ నెట్‌వర్క్ దుకాణంలో డిస్కౌంట్‌లో దొరికిందట. పెట్టె మీద మనందరికీ తెలిసిన పెద్ద ఫోన్ కంపెనీ పేరే ఉంది. ఇక్కడ జియో సిమ్ వేస్తే 'నెట్‌వర్క్ అన్‌లాక్ పిన్' కొట్టమంటోంది. రిపేర్ షాపుకు తీసుకెళ్తే ఆ కుర్రాడు వేడిగాలి కొట్టి వెనక మూత ఊడదీశాడు. బోర్డు మీద ఇంకేదో చైనా కంపెనీ పేరుంది. "అంకుల్, ఇది డూప్లికేట్. మీ వాళ్లని ఎవరో మోసం చేశారు" అన్నాడు. అల్లుడికి ఎలా చెప్పాలో తెలీక రెండు రోజులుగా టెన్షన్. నిజమేనంటారా?

జవాబు (హైదరాబాద్ నుంచి)

బాబాయ్ గారూ, అల్లుడికి ఏమీ చెప్పకండి. ఫోన్ అసలుదే అయ్యుంటుంది. నేను ఆరేళ్లు ఫోన్ల టెస్టింగ్‌లో పనిచేశాను. బోర్డు ఒకరిది, పేరు ఒకరిది కావడం ఈ లైన్‌లో రోజూ చూసేదే.

అమెరికాలో ఎక్కువమంది ఫోన్‌ను నెట్‌వర్క్ కంపెనీ దుకాణంలోనే కొంటారు, వాయిదాల మీదో డిస్కౌంట్ మీదో. కాబట్టి ఫోన్ తయారుచేసేవాడికి అసలు కొనుగోలుదారు మీ అల్లుడు కాదు, ఆ నెట్‌వర్క్ కంపెనీ. ఫలానా బ్యాండ్లు (సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీలు) ఉండాలి, ఆన్ చేయగానే మా లోగో రావాలి, మా యాప్‌లు ఉండాలి, మా సిమ్‌కే లాక్ అయి ఉండాలి, ధర ఇంత దాటకూడదు, ఫలానా నెలకల్లా దుకాణాల్లో ఉండాలి అని కోరికల పెద్ద చిట్టా ఇస్తుంది. పక్క నెట్‌వర్క్ చిట్టా వేరు. ఒకరు 600 మెగాహెర్ట్జ్ కావాలంటారు, ఇంకొకరికి 700లో వేరే బ్యాండ్ కావాలి. పైగా ప్రతి వెర్షన్‌నూ ఆ నెట్‌వర్క్ తన పద్ధతిలో పరీక్షించి ఓకే అనాలి. తర్వాత వచ్చే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కీ మళ్లీ అదే తంతు.

వంద, నూటయాభై డాలర్ల ఫోన్‌కి ఇంత చాకిరీ సొంత ఇంజినీర్లతో చేయిస్తే గిట్టుబాటు కాదు. వాళ్లని ఖరీదైన మోడళ్ల మీద కూర్చోబెట్టి, చవక ఫోన్లను డిజైన్‌తో సహా బయటి కంపెనీకి అప్పగిస్తారు. అలాంటి కంపెనీల్ని ఓడీఎం అంటారు. హువాచిన్, లాంగ్‌చీర్ లాంటివి ఆ బాపతు. వాళ్ల దగ్గర క్వాల్‌కామ్ చిప్‌తోనో మీడియాటెక్ చిప్‌తోనో ఒక మూల డిజైన్ సిద్ధంగా ఉంటుంది. నెట్‌వర్క్‌ని బట్టి రేడియో భాగాలు, సాఫ్ట్‌వేర్ మారుస్తారు. అదే మూల డిజైన్ నలుగురైదుగురికి అమ్ముకుంటారు కాబట్టి స్క్రీన్లు, మెమొరీ కుప్పలుగా కొంటారు, ధర దిగుతుంది. శాంసంగ్ అంతటిది కూడా 2018లో చైనాలో అమ్మిన గెలాక్సీ ఏ6ఎస్‌ని వింగ్‌టెక్ అనే ఓడీఎం చేత చేయించింది.

ఇది పాత అలవాటే. తైవాన్ హెచ్‌టీసీ తన పేరుతో ఫోన్లు అమ్మకముందు నెట్‌వర్క్‌ల పేర్లతోనే చేసిపెట్టేది. 2002లో ఓ2 అనే నెట్‌వర్క్ పేరుతో వచ్చిన ఎక్స్‌డీఏ ఫోన్ వాళ్ల తయారీయే. మొదటి ఆండ్రాయిడ్ ఫోన్‌ను 2008లో అమెరికాలో అమ్మింది టీ-మొబైల్ పేరుతో, చేసింది హెచ్‌టీసీ.

వరంగల్ నుంచి ఒకరు

ఐఫోన్ కూడా ఫాక్స్‌కాన్ చేస్తుంది కదన్నా, రెండూ ఒకటేగా?

హైదరాబాద్ జవాబు

కాదు తమ్ముడూ. యాపిల్ బట్ట తనే కొని, కొలతలు తనే ఇచ్చి, దర్జీ చేత కుట్టించుకుంటుంది. ఇక్కడ రెడీమేడ్ చొక్కా కొని, చేతులు కాస్త కత్తిరించి, జేబు మీద పేరు కుట్టించుకోవడం. రెండోదాంట్లో నాకు నచ్చనిది ఒకటుంది. ఓడీఎంతో ఒప్పందం అయిపోతే అప్‌డేట్ల గురించి పట్టించుకునే నాథుడుండడు. స్పేర్ పార్ట్‌లకీ చిక్కే. పేరు చూసి స్క్రీన్ తెప్పిస్తే అదే పేరున్న వేరే మోడల్‌ది వస్తుంది.

మనకీ ఇది కొత్త కాదు. 2003లో రిలయన్స్ వాళ్లు 501 రూపాయలు కట్టించుకుని ఇచ్చిన ఫోన్లు గుర్తున్నాయా? వేరే నెట్‌వర్క్‌కి మారదామంటే ఆ ఫోన్ పనికొచ్చేది కాదు. 2017 జియోఫోన్ కూడా 1500 డిపాజిట్ కట్టి తీసుకుంటే జియో సిమ్‌తోనే పనిచేసేది.

న్యూజెర్సీ నుంచి ఒకరు

బాబాయ్ గారూ, లాక్ సంగతి నేను చెప్తాను, మా అమ్మకి ఫోన్ పంపి దెబ్బతిన్నాను కాబట్టి. ఇక్కడ ప్రీపెయిడ్ ఫోన్‌ని వాళ్ల నెట్‌వర్క్‌లో ఇన్ని నెలలు వాడితేనే లాక్ తీస్తారు. కొందరికి ఆరు నెలలు, కొందరికి ఏడాది. ఇండియాలో ఊరికే పెట్టుకుంటే ఆ గడువు లెక్కలోకి రాదు. నేను కస్టమర్ కేర్‌తో గంటసేపు మాట్లాడినా ఒప్పుకోలేదు. చివరికి ఆ ఫోన్ వెనక్కి తెప్పించుకుని మా అబ్బాయికిచ్చాను.

హైదరాబాద్ జవాబు

అక్క చెప్పింది కరెక్ట్. ఇంకో మాట. లాక్ తీసినా కథ అయిపోదు. జియో 4జీ ఇక్కడ 850, 1800, 2300 మెగాహెర్ట్జ్‌ల మీద నడుస్తుంది, అంటే బ్యాండ్ 5, 3, 40. సెట్టింగ్స్‌లో పూర్తి మోడల్ నంబర్ చూసి వెతకండి, చివరి అక్షరం కూడా ముఖ్యం. గెలాక్సీ ఎస్23నే తీసుకోండి. అమెరికా నెట్‌వర్క్‌లకిచ్చింది ఎస్911యూ, అక్కడే లాక్ లేకుండా అమ్మేది ఎస్911యూ1, మనకొచ్చింది ఎస్911బీ. బ్యాండ్లు ఉన్నా జియో వోల్టీ (4జీ మీదే కాల్ వెళ్లే పద్ధతి) సెట్టింగ్ ఆ ఫోన్‌లో లేకపోతే నెట్ వస్తుంది, కాల్ వెళ్లదు, ఎందుకంటే జియోకి 2జీ లేదు. ఎయిర్‌టెల్ సిమ్ అయితే కాల్ 2జీ మీదైనా వెళ్లే అవకాశం ఉంది.

ఎవరైనా ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కి ఉండే గుర్తింపు నంబర్) మార్చి లాక్ తీస్తానంటే మాత్రం ఫోన్ ఇవ్వకండి, అది నేరం.

ఖమ్మం నుంచి మళ్లీ

చాలా థాంక్స్ అందరికీ. మోడల్ నంబర్ వెతికించాను, బ్యాండ్ 3 ఉంది, 40 లేదు. అల్లుడు వచ్చే వారం వెళ్తున్నాడు, ఫోన్ తనతోనే పంపిస్తున్నా. ఏడాది వాడి లాక్ తీయించి పంపుతానన్నాడు. మూత అతికించినందుకు షాపు కుర్రాడు 200 తీసుకున్నాడు. ఇప్పుడు ఒక మూల కాస్త లేచినట్టుంది, అల్లుడి కంట పడకుండా కవర్ వేశాను.