షాంఘై సందుల్లో వీధి తిండి తగ్గిపోవడం మంచికా, చెడుకా?

కృష్ణాతీరం:
వచ్చే అక్టోబరులో ఉద్యోగం పని మీద షాంఘై వెళ్ళవలసి వచ్చింది. పగలంతా సమావేశాలు, సాయంత్రాలు ఖాళీ. అక్కడి వీధి తిండి, ముఖ్యంగా లోపల వేడి రసం నింపిన డంప్లింగులు తప్పక తినాలని చాలామంది చెబుతున్నారు. ఒక సహోద్యోగి మాత్రం రోడ్డు పక్కన ఏదీ ముట్టవద్దని, మాల్‌లో పేరున్న చోటే తినమని హెచ్చరించాడు. మరొకరేమో మాల్‌లో తినేదానికి అంతదూరం పోవడం ఎందుకన్నారు. అక్కడ ఉంటున్నవారు, ఉండి వచ్చినవారు ఏమంటారు? నేను పంది మాంసం తింటాను కాబట్టి ఆ చిక్కు లేదు.

పుడాంగ్ ప్రవాసి:
కుటుంబంతో చాలా కాలంగా షాంఘైలోనే ఉంటున్నాను కనుక చెబుతున్నాను. మీరు తినవలసినవి రెండు. మొదటిది షియావ్‌లోంగ్‌బావ్. పంది తోలును ఉడికించి తీసిన రసాన్ని చల్లార్చి, అది గడ్డకట్టాక తరిగి కీమాలో కలుపుతారు. దాన్ని పల్చటి పిండి రేకులో చుట్టి ఆవిరి మీద పెడితే ఆ గడ్డ కరిగి మళ్ళీ రసమవుతుంది. జియాడింగ్ జిల్లాలోని నాన్‌షియాంగ్ దీని పుట్టినిల్లు. ఆ ఊరి పేరుతోనే యూయువాన్ తోట పక్కన 1900 నుంచి ఒక దుకాణం నడుస్తోంది. రెండోది శెంగ్‌జియెన్, పెనం మీద అడుగు కరకరలాడేలా వేగేది. దీనికి 1994లో వూజియాంగ్ రోడ్డులో మొదలై ఇప్పుడు నగరమంతా శాఖలు తెరిచిన షియావ్ యాంగ్ చాలు. శుభ్రంగా ఉంటుంది, ధరలు గోడ మీద రాసి ఉంటాయి, కూర్చొని తినవచ్చు. రోడ్డు పక్క బండ్ల కోసం వెతకవద్దు. చాలా వరకు తీసేశారు, తీసేసి మంచి పని చేశారు.

బందరు బాటసారి:
ఆ చివరి మాటను నేను ఒప్పుకోలేను. ప్రవాసి గారు మెచ్చుకున్న దుకాణం పుట్టిందే వూజియాంగ్ రోడ్డులో. నగరం నడిబొడ్డున ఆ వీధి ఒకప్పుడు తిండి కొట్లతో కిక్కిరిసి ఉండేది. 2010లో షాంఘైలో జరిగిన ఎక్స్‌పో అనే ప్రపంచ ప్రదర్శనకు ముందు అక్కడి పాత కొట్లను ఖాళీ చేయించారు. 1994లోనే ఎవరో వచ్చి ఆ చిన్న కొట్టును మూయించి ఉంటే, మీరు ఇవాళ చిరునామా ఇవ్వడానికి ఒక్క శాఖ కూడా మిగిలేది కాదు.

కృష్ణాతీరం గారూ, మీరు పొద్దున్నే పాత ఇళ్ళున్న సందుల్లోకి వెళ్ళండి. వీధి వైపు తెరిచిన కిటికీ వెనుక వెడల్పాటి ఇనుప పెనంలో శెంగ్‌జియెన్‌లు ఒకదానికొకటి ఆనుకొని సర్ది ఉంటాయి. వండే మనిషి వాటి మీద నీళ్ళు పోసి చెక్క మూత పెట్టేస్తాడు. ఆ తరువాత పట్కారుతో పెనం అంచు పట్టుకొని తిప్పుతూనే ఉంటాడు. మంట సమంగా తగలకపోతే ఒక పక్క మాడిపోతుంది, మరో పక్క పచ్చిగా ఉండిపోతుంది. నీళ్ళు ఇగిరి నూనె చిటపటలాడడం మొదలయ్యాక మూత తీసి నువ్వులు, ఉల్లికాడల తరుగు చల్లుతాడు. అమ్మకం లియాంగ్ అనే పాత తూకం లెక్కన జరుగుతుంది, ఒక లియాంగ్ అంటే నాలుగు. అంచు కొరికి ముందు రసం జుర్రుకోండి, లేకపోతే చొక్కా పాడవుతుంది. నల్ల వెనిగర్ కలుపుకొని అక్కడే నిలబడి తినండి. ఈ పని మీ కళ్ళ ముందు జరుగుతుంది. మాల్‌లోని వంటగదిలో ఏం జరుగుతుందో మీకు ఎవరూ చూపించరు.

ఇంకొక మాట. రసం కారేదే అసలైన శెంగ్‌జియెన్ అని శాఖల్లో తిన్నవారు అనుకుంటారు. 1930ల నాటి దా హూ చున్ అనే దుకాణంలో తోలు రసం గడ్డ కలపరు. పిండి బాగా పులిసి మెత్తగా ఉంటుంది, రుచి అంతా మాంసానిదే. రెండు పద్ధతులూ షాంఘైవే. ఒక్క గొలుసు దుకాణంలో తిని వస్తే రెండోది ఉందని కూడా తెలియదు.

పుడాంగ్ ప్రవాసి:
దా హూ చున్ పేరున్న పాత సంస్థ, దానికీ శాఖలు ఉన్నాయి. అది వీధి బండి కాదు. మీరు ఇచ్చిన ఉదాహరణ నా వాదనకే బలం చేకూర్చింది.

బందరు బాటసారి:
పద్ధతుల గురించి చెప్పడానికి ఆ పేరు ఎత్తాను, బండి అని నేను ఎక్కడా రాయలేదు. బండి కాకపోయినా చిన్న కొట్టు సంగతి కావాలంటే వినండి. ‘ఆ-దా’ అనే పేరుతో ఉల్లికాడల రొట్టె కాల్చి అమ్మే చిన్న కొట్టు నగరమంతటా ప్రసిద్ధి. వండేది ఒక్క వృద్ధుడు, కొనేవారిది పొడవాటి వరుస. 2016 సెప్టెంబరులో లైసెన్సు లేదని దాన్ని మూయించారు. జనం ఊరుకోలేదు, పత్రికలు రాశాయి. చివరకు ఒక ఆహార డెలివరీ కంపెనీ సాయంతో కొత్త చోటు దొరికి అది మళ్ళీ తెరుచుకుంది. మీరన్నట్టు తీసేయడమే మంచి పని అయితే మళ్ళీ ఎందుకు తెరవనిచ్చారు?

నిత్య శాకాహారి:
ఆ రొట్టెలో పంది కొవ్వు వేస్తారన్న సంగతి ఎవరూ చెప్పరేం? ఉల్లికాడల రొట్టె అనగానే శాకాహారం అనుకొని మనవాళ్ళు తినేస్తున్నారు. వీధిలో అమ్మేవారు అడిగినా చెప్పరు.

వూహాన్ పూర్వ విద్యార్థి:
అడిగితే చెబుతారండి, అడగడానికి మనకు భాష రావాలి. మా వూహాన్‌లో నువ్వుల ముద్ద కలిపిన వేడి నూడుల్స్‌ను పొద్దున్నే నడుస్తూ తినేవాళ్ళం, ఎవరూ మోసం చేయలేదు.

పుడాంగ్ ప్రవాసి:
బాటసారి గారూ, మళ్ళీ తెరిచింది లైసెన్సు తీసుకున్న తరువాతే. నేను అడుగుతున్నదీ అదే. మురుగు కాలువల్లోంచి తోడిన నూనెను శుద్ధి చేసి మళ్ళీ వంటకు అమ్మిన దేశం ఇది. అలాంటి చోట అనుమతి పత్రం చిన్న విషయమా? నూనె ఎక్కడ కొన్నాడో, మాంసం ఏనాటిదో, రేపు ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఎవరిని పట్టుకోవాలో తేల్చేది ఆ కాగితమే.

బందరు బాటసారి:
కాగితం ఉంటే అంతా సవ్యమేనా? 2011లో షాంఘైలో గడువు తీరిన బన్నులకు రంగు కలిపి, తేదీ మార్చి అమ్మారని బయటపడింది. అమ్మినవి సూపర్‌మార్కెట్లు, తయారు చేసింది లైసెన్సు ఉన్న ఫ్యాక్టరీ. 2014లో పెద్ద విదేశీ బర్గరు సంస్థలకు మాంసం సరఫరా చేసే షాంఘై ఫ్యాక్టరీలో గడువు దాటిన మాంసం కలుపుతున్నట్టు టీవీ వాళ్ళు చూపించారు. ఈ రెండూ మీరు నమ్మే గోడల వెనకే జరిగాయి. సందులో పెనం తిప్పే మనిషికి అలాంటి చాటు లేదు, రోజూ కొనే ఇరుగుపొరుగే అతనికి తనిఖీదార్లు.

నిత్య శాకాహారి:
నా ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు. పంది కొవ్వు సంగతి బోర్డు మీద రాయిస్తున్నారా, లేదా?

పుడాంగ్ ప్రవాసి:
ఇరుగుపొరుగు అంటున్నారు కదా, ఆ ఇరుగుపొరుగును నేనే. ఎద్దు పుండు కాకికి ఏం నొప్పి అన్నట్టుంది మీ మాట. మేము మొదట అద్దెకున్న ఇంటి కింద అనుమతి లేని వంట కొట్టు ఉండేది. దానికి పొగ గొట్టం లేదు, తెల్లవారకముందే పొయ్యి వెలిగేది. మెట్ల గోడలు జిడ్డు పట్టి చెయ్యి ఆనిస్తే అంటుకునేవి. మా చిన్నదానికి ఉబ్బసం. వేసవిలోనూ కిటికీలు మూసుకొని ఉండేవాళ్ళం. ఫిర్యాదు చేస్తే, పేదవాడి పొట్ట కొడతారా అని పక్కింటివాళ్ళే మమ్మల్ని నిలదీశారు. ఆ కొట్టు మూసిన రోజున నా బిడ్డ దగ్గకుండా నిద్రపోయింది. నాలుగు ఫోటోలు తీసుకొని వెళ్ళిపోయే మీకు సందు అందంగానే కనిపిస్తుంది, ఆ పొగలో పిల్లలను పెంచేది మేము.

బందరు బాటసారి:
ఫోటోలు తీసుకొని పోయేవాడిని అన్నారు కాబట్టి చెప్పక తప్పదు. మా నాన్న టిఫిన్ బండి నడిపి మా ముగ్గురినీ చదివించారు. ఊరి పేరు, ఆఫీసు పేరు ఇక్కడ అనవసరం. మన దేశంలో 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే చేసి గుర్తింపు పత్రం ఇచ్చేవరకు ఎవరినీ తొలగించరాదని అందులో స్పష్టంగా ఉంది. ఆ తరువాత కూడా ఒక తెల్లవారుజామున లారీ వచ్చి బండిని, పొయ్యిని, ఇడ్లీ పాత్రలను ఎత్తుకుపోయింది. నాన్న వెళ్ళి అడిగితే శుభ్రత కోసం అన్నారు. ఆ చోటులో ఇవాళ కార్లు నిలుపుతున్నారు. అందుకే శుభ్రత పేరుతో తీసేసి మంచి పని చేశారని ఎవరు రాసినా, అది ఏ దేశం సంగతి అయినా, నేను చూస్తూ ఊరుకోలేను.

ఉప్పల్ వాసి:
ఇద్దరూ డంప్లింగుల గురించి మాట్లాడడం ఎప్పుడో మానేశారు. ఒకరు ఇంటి పైఅంతస్తు నుంచి, మరొకరు పొయ్యి వెనుక నుంచి మాట్లాడుతున్నారు. ఊరు ఎవరిది అన్నదే ఇక్కడి తగవు, అది ముందే చెప్పుకొని ఉంటే బాగుండేది. షాంఘైలో నియమం కూడా మారింది. వీధి అమ్మకాన్ని దాదాపు పూర్తిగా నిషేధించిన పాత నిబంధనను సడలిస్తూ కొత్త నిబంధనలు 2022 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఎక్కడ, ఏ వేళల్లో అమ్మవచ్చో జిల్లా స్థాయిలో నిర్ణయించవచ్చు. నిత్య శాకాహారి గారూ, బోర్డుల మీద ఆశ పెట్టుకోకండి. యూయువాన్ దగ్గర 1910 నాటి చున్‌ఫెంగ్ సోంగ్‌యుయే లౌ అనే భోజనశాలలో కూరగాయలు, పుట్టగొడుగులు కూరిన బన్నులు దొరుకుతాయి. 1922 నాటి గోంగ్‌దెలిన్ కూడా శాకాహార భోజనశాలే.

పుడాంగ్ ప్రవాసి:
బాటసారి గారూ, మీ నాన్నగారికి జరిగింది అన్యాయం. దాన్ని సమర్థించే ఉద్దేశం నాకు లేదు. కానీ నా మాటను నేను వెనక్కి తీసుకోను. నివాసాల కిటికీల కింద పొయ్యి ఉండకూడదు. కొత్త నిబంధనల ప్రకారం రాత్రి సంతలు పెట్టిన చోట నీటి కొళాయి, చెత్త తీసే ఏర్పాటు ఉంటే నేనూ మా పిల్లలతో వెళ్ళి తింటాను.

బందరు బాటసారి:
మీ పాపకు నయంగా ఉందని ఆశిస్తున్నాను. పొగ గొట్టం పెట్టించడానికి ఆ కొట్టువాడికి గడువు, అప్పు ఇచ్చి ఉంటే మీ బిడ్డా ఊపిరి పీల్చుకునేది, అతనూ బతికేవాడు. ఆ దారిని ఎవరూ ప్రయత్నించలేదన్నదే నా బాధ. రాత్రి సంత మంచిదే. పొద్దున ఏడు గంటలకు పనికి వెళ్ళే మనిషి ఫలహారం కోసం రాత్రి సంతకు వెళ్ళలేడు. షాంఘై ఉదయాన్ని నిలబెట్టిన నాలుగింటిని, అంటే రొట్టె, నూనెలో వేయించిన పిండి కడ్డీ, దాన్ని లోపల పెట్టి చుట్టిన జిగురు అన్నం ముద్ద, సోయా పాలు, ఇంటి మలుపులోనే అమ్మాలి. అక్కడ చోటు ఇస్తారా అన్నది చెప్పండి.

పుడాంగ్ ప్రవాసి:
మలుపులో ఇవ్వవచ్చు, మెట్ల కింద కాదు.

బందరు బాటసారి:
ఆ మలుపు మీద కూడా ఎవరిదో ఒక కిటికీ ఉంటుంది.

కృష్ణాతీరం:
ఇంత చర్చ అవుతుందని అనుకోలేదు. పొద్దున సందులో శెంగ్‌జియెన్, మరో రోజు యూయువాన్ దగ్గర షియావ్‌లోంగ్‌బావ్ తినాలని నిశ్చయించుకున్నాను. చిన్న కొట్లలో డబ్బు ఎలా చెల్లించాలో ఎవరైనా చెప్పగలరా?

వూహాన్ పూర్వ విద్యార్థి:
అలీపే గానీ వీచాట్ గానీ బయలుదేరే ముందే ఫోనులో పెట్టుకొని, మీ అంతర్జాతీయ కార్డును దానికి జత చేసుకోండి. గోడ మీద అంటించిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే చాలు. మరీ చిన్న కొట్ల కోసం కొంచెం చిల్లర యువాన్లు జేబులో ఉంచుకోండి.