తారు ఇసుక నూనె: కండెన్సేట్‌ను శక్తి లెక్కలో ఎక్కడ చూపాలి?

కెనడాలోని అల్బెర్టాలో, పైనుంచి తవ్వలేనంత లోతున ఉన్న తారు ఇసుకలోకి ఆవిరి పంపి బిటుమెన్‌ను (తారులాంటి చిక్కటి నూనెను) కరిగించి తీసే పద్ధతిలో, పెట్టిన శక్తికి ఎన్ని రెట్లు తిరిగి వస్తుందో లెక్కగడుతున్నాను. ఘనపు మీటరు బిటుమెన్‌కు 3 ఘనపు మీటర్ల నీటిని ఆవిరి చేయాలనీ, బాయిలరు సామర్థ్యం 85 శాతమనీ తీసుకుంటే, సుమారు 9.5 గిగాజౌళ్ల సహజవాయువు ఖర్చయి 42 గిగాజౌళ్ల బిటుమెన్ వస్తోంది. అంటే దాదాపు 4.4 రెట్లు.

చిక్కంతా ఈ చిక్కటి బిటుమెన్ పైపులైనులో పారడానికి మిశ్రమంలో 30 శాతం దాకా కలిపే కండెన్సేట్‌తోనే (సహజవాయువుతో పాటు వచ్చే పలుచని నూనె). దానిని ఖర్చులో మాత్రమే చేర్చితే ఫలితం 1.8కి పడిపోతోంది, ఖర్చు, రాబడి రెండు వైపులా చేర్చితే 2.4 అవుతోంది. శుద్ధి కర్మాగారంలో అదీ ఇంధనంగానే మారుతుంది కనుక మొదటిది అన్యాయమైన లెక్క అనిపిస్తోంది. ఇంధన సరఫరాలో ఈ నిక్షేపాల విలువనే మార్చేసేంత పెద్ద తేడా ఇది.

కండెన్సేట్‌ను ఖర్చుగా చూపాలా, రెండు వైపులా చూపాలా, లేక దాని ఉత్పత్తికీ రవాణాకూ పట్టే శక్తిని మాత్రమే లెక్కించాలా?