బెలిచిక్ రెండో ఏడాది: మన స్టేట్ వాళ్లం నిశ్చింతగా ఉండొచ్చా?

ఎర్రతోడేలు:
అందరికీ నమస్కారం. కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్‌లో నార్త్ కెరొలైనా స్టేట్ అభిమానిగా అడుగుతున్నాను. 2024 డిసెంబర్‌లో మన పోటీ జట్టు, చాపెల్ హిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కెరొలైనా వాళ్లు, బిల్ బెలిచిక్‌ని కోచ్‌గా తెచ్చుకున్నారు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో హెడ్ కోచ్‌గా ఆరు సూపర్ బౌల్స్ (ఫైనల్స్) గెలిచిన మనిషి, అంతకుముందు కాలేజీలో ఎప్పుడూ కోచింగ్ చేయలేదు. మొదటి సీజన్ 4-8, అంటే నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములు. టీసీయూ చేతిలో 48-14తో మొదలై, మన స్టేడియం కార్టర్-ఫిన్లీలో మన చేతిలో 42-19తో ముగిసింది. ఇక వాళ్ల పని అయిపోయినట్టేనని మనవాళ్లలో చాలామంది తేల్చేశారు. స్కోర్లు ఒక్కొక్కటే చూస్తుంటే నాకు అంత ధీమా కలగడం లేదు. అసలు ఎక్కడ దెబ్బతిన్నారు? అది రెండో ఏడాదిలో సరిచేసుకోగలిగేదేనా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

హ్యాష్‌మార్క్:
మీ అనుమానం సరైనదే. మొత్తం రికార్డును పక్కనపెట్టి అక్టోబర్ రెండో సగం నుంచి చూడండి. క్లెమ్సన్ చేతిలో 38-10తో చితికిపోయాక వరసగా నాలుగు ఆటల్లో వాళ్ల డిఫెన్స్ ఇచ్చిన పాయింట్లు: కాల్‌కి (కాలిఫోర్నియా) 21, వర్జీనియాకి 17, సిరక్యూస్‌కి 10, స్టాన్‌ఫర్డ్‌కి 15. వర్జీనియా మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో ఒక్క పాయింట్‌తో పోయింది, టచ్‌డౌన్ తర్వాత రెండు పాయింట్ల కోసం చేసిన ప్రయత్నం (టూ-పాయింట్ కన్వర్షన్) అందలేదు. కాల్ మ్యాచ్‌లో చివర్లో గోల్ లైన్ దగ్గర బంతి జారవిడిచి 21-18తో ఓడారు. ఈ రెండూ అటు తిరిగి ఉంటే 6-6, సీజన్ చివర అర్హులైన జట్లు ఆడే బౌల్ గేమ్. అప్పుడు మనం ఇలా మాట్లాడుకునేవాళ్లం కాదు.

మొదట్లో డిఫెన్స్ ఎందుకు తడబడింది అంటే, నా అంచనాలో సగం కారణం మైదానం కొలతలే. ప్రతి ప్లేకీ బంతిని పెట్టే హద్దు గీతలను హ్యాష్‌లంటారు. కాలేజీలో రెండు హ్యాష్‌ల మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. మైదానం వెడల్పు రెండు చోట్లా 160 అడుగులే. కాబట్టి కాలేజీలో బంతి ఒక హ్యాష్ మీద ఉంటే వెడల్పు వైపు 100 అడుగులు కాపలా కాయాలి, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 89 అడుగులు చాలు. ఆ అదనపు 11 అడుగుల్లో సేఫ్టీ (డిఫెన్స్‌లో అందరికంటే వెనక ఉండేవాడు) ఒక్క అడుగు ఆలస్యమైతే పొట్టి స్క్రీన్ పాస్ కాస్తా పది గజాలు దాటి ఫస్ట్ డౌన్ అయిపోతుంది.

రెండోది ఆర్‌పీఓ, అంటే రన్-పాస్ ఆప్షన్: పరుగా, పాసా అన్నది క్వార్టర్‌బ్యాక్ (బంతి పాస్ చేసేవాడు) ప్లే మధ్యలో తేల్చుకుంటాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఫార్వర్డ్ పాస్ వేసే ప్లేలో ఆఫెన్సివ్ లైన్‌మన్ (క్వార్టర్‌బ్యాక్ ముందు అడ్డుగా నిలిచేవాడు) ప్లే మొదలైన గీత నుంచి ఒక గజం దాటి ముందుకు పోకూడదు, కాలేజీలో మూడు గజాల దాకా పోవచ్చు. లైన్‌మన్ అంత ముందుకు వచ్చాడంటే డిఫెన్స్ మధ్య వరసలోని లైన్‌బ్యాకర్ అది రన్ అనుకుని దూకుతాడు, క్వార్టర్‌బ్యాక్ సరిగ్గా అతని వెనక ఖాళీలోకి వేస్తాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నేర్చుకున్న కీస్ (ప్లే ఏదో కనిపెట్టే గుర్తులు) ఇక్కడ అలాగే పనికిరావు. వాళ్ల డిఫెన్స్ దీన్ని సీజన్ మధ్యలోనే చాలావరకు సర్దుకుంది. నాకు భయం కలిగిస్తున్నది అదే.

సర్దుకోనిది ఆఫెన్స్. వాళ్ల కాన్ఫరెన్స్ ఏసీసీలో ఎనిమిది మ్యాచ్‌లు, అన్నిటికంటే ఎక్కువ చేసింది సిరక్యూస్ మీద 27. మిగతా ఏడింటిలో 25 దాటలేదు. అలాంటి ఆఫెన్స్‌తో ఏ డిఫెన్స్ అయినా నవంబర్‌కి అలసిపోతుంది. చివరి మూడు మ్యాచ్‌ల్లో వేక్‌కి 28, డ్యూక్‌కి 32, మనకి 42 ఇచ్చారు.

కాంట్రాక్ట్‌పిచ్చి:
హ్యాష్‌మార్క్ గారు ఆట సంగతి చెప్పారు, నేను క్యాలెండర్, డబ్బు సంగతి చెప్తాను. ఈ నియామకంలో అసలు పొరపాటు తేదీల్లోనే ఉంది. హైస్కూల్ కుర్రాళ్లు కాలేజీలతో ముందుగా సంతకాలు చేసే ఎర్లీ సైనింగ్ 2024 డిసెంబర్ 4న మొదలైంది. ఆటగాళ్లు కాలేజీలు మారడానికి పేరు నమోదు చేసుకునే పోర్టల్ 9న తెరుచుకుంది. బెలిచిక్ పేరు ప్రకటించింది 11న. అంటే సైనింగ్ నాటికి కొత్త కోచ్ లేడు, పోర్టల్ తెరుచుకున్న నాటికి స్టాఫ్ లేదు. ఆ లోటు పూడ్చడానికి 2025 ఏప్రిల్ విండోలో కూడా ఆటగాళ్లను ఏరుకున్నారు. క్వార్టర్‌బ్యాక్ జియో లోపెజ్ సౌత్ అలబామా నుంచి వచ్చింది అప్పుడే. స్ప్రింగ్ ప్రాక్టీస్ అంతా వేరే క్వార్టర్‌బ్యాక్‌లతో చేసి, ఆగస్టు క్యాంప్‌లో ఒకేసారి కొత్త సిస్టమ్, కొత్త లైన్, కొత్త క్వార్టర్‌బ్యాక్. జట్టులో సుమారు 70 మంది కొత్తవాళ్లు. టైమింగ్ రూట్లు (పాస్‌తో పాటే సరిపోయేలా పరిగెత్తే దారులు) కుదరకపోవడం, ప్రొటెక్షన్ కాల్స్ (ఎవరు ఎవరిని అడ్డుకోవాలన్న పిలుపులు) తప్పిపోవడం ఇలాంటి జట్టులో వింతేం కాదు.

కొలువు నుంచి తీసేస్తారని ఆశపడేవాళ్లకు ఒక మాట. ఒప్పందం ఐదేళ్లు, ఏడాదికి 1 కోటి డాలర్లు, మొదటి మూడేళ్లకు హామీ. 2025 తర్వాత కారణం లేకుండా పంపాలంటే మిగిలిన రెండు హామీ ఏళ్లకు దాదాపు 2 కోట్లు కట్టాలి. ఆయనే వెళ్లిపోవాలంటే మాత్రం 2025 జూన్ 1 తర్వాత 10 లక్షలు కడితే చాలు. తలుపు ఆయన వైపు నుంచే సులువుగా తెరుచుకుంటుంది. ఎదుటి జట్ల రిక్రూటర్లు ప్రతి తల్లిదండ్రులకూ చెప్పేది ఇదే, మనవాళ్లు కూడా చెప్పాలి.

లేతనీలం:
నేను కెరొలైనా అభిమానిని, అయినా మర్యాదగా రాస్తున్నా. కాంట్రాక్ట్‌పిచ్చి అన్నా, తేదీల లెక్క ఒప్పుకుంటాను. కానీ ఆ లెక్క ప్రకారమే రెండో ఏడాది మాకు మేలు కదా. ఈసారి రిక్రూటింగ్ క్లాస్ మొత్తం ఈ స్టాఫ్ చేతిలోదే. ఆఫెన్స్ కోచ్ ఫ్రెడ్డీ కిచెన్స్‌ని తప్పించి ఆఫెన్స్‌ని బాబీ పెట్రినోకి అప్పగించారు. లూయివిల్‌లో లామార్ జాక్సన్ 2016లో హైస్‌మన్ (ఏటి మేటి కాలేజీ ఆటగాడి ట్రోఫీ) గెలిచింది ఆయన దగ్గరే. ఆఫెన్స్ సగటు సుమారు పంతొమ్మిది పాయింట్ల నుంచి ముప్పైకి వచ్చినా మా డిఫెన్స్‌కి చాలు.

ఎర్రతోడేలు:
అందరికీ కృతజ్ఞతలు. తమ్ముడూ లేతనీలం, సూటిగా చెప్పావు. మరి సెప్టెంబర్ దాకా ఆగకుండా ముందే గుర్తుపట్టే సంకేతాలు ఏమైనా ఉన్నాయా?

హ్యాష్‌మార్క్:
ఉన్నాయి. ముందుగా ఆఫెన్సివ్ లైన్ చూడండి. నిరుటి ఐదుగురిలో ఎంతమంది తిరిగి వచ్చారు, సెంటర్ (క్వార్టర్‌బ్యాక్‌కి బంతి అందించే లైన్‌మన్) ఎవరు. పెట్రినో పాసింగ్‌లో రూట్లు లోతుగా ఉంటాయి, క్వార్టర్‌బ్యాక్‌కి అర సెకను ఎక్కువ కావాలి. లైన్ ఆ అర సెకను ఇవ్వలేకపోతే ప్లేబుక్ ఎంత గొప్పదైనా లాభం లేదు.

తర్వాత పోర్టల్. ఏప్రిల్ విండో ఎత్తేశారు, ఇప్పుడున్నది జనవరి 2 నుంచి 16 వరకు ఒక్కటే. నిరుటిలా స్ప్రింగ్‌లో లోపం కనబడితే క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చుకునే దారి లేదు. కాబట్టి జనవరి 16 తర్వాత ఏ పొజిషన్‌లో ఇద్దరే మిగిలారో రాసి పెట్టుకోండి. ముఖ్యంగా టాకిల్ (ఆఫెన్సివ్ లైన్ చివర ఆడేవాడు), కార్నర్ (రిసీవర్లను కాపలా కాసే డిఫెన్స్ ఆటగాడు).

కాంట్రాక్ట్‌పిచ్చి:
దానికి ఒకటి కలుపుతాను. కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వడానికి వీలిచ్చిన కోర్టు రాజీ, హౌస్ సెటిల్‌మెంట్‌తో ఫుట్‌బాల్ జట్టులో ఆటగాళ్ల పరిమితి 105, ఆటగాళ్లకు పంచే మొత్తం 2025-26కి అన్ని క్రీడలకూ కలిపి 2.05 కోట్ల డాలర్లు. చాపెల్ హిల్‌లో బాస్కెట్‌బాల్ వాటా తక్కువేం ఉండదు. ఫుట్‌బాల్‌కి మిగిలిన దాంట్లో క్వార్టర్‌బ్యాక్ మీద ఎంత పెట్టారు, లైన్ మీద ఎంత పెట్టారు అనేది బయటికి పూర్తిగా రాదు. కానీ లైన్‌కి వచ్చినవాళ్లు పెద్ద కాన్ఫరెన్స్‌లో స్టార్టర్లుగా ఆడినవాళ్లా, చిన్న కాన్ఫరెన్స్ నుంచి వచ్చినవాళ్లా అన్నది చూస్తే డబ్బు ఎటు పోయిందో తెలిసిపోతుంది. మొదటి రకం వాళ్లు ముగ్గురు కనిపిస్తే, లేతనీలం చెప్పిన ముప్పై పాయింట్ల మాటను మనం సీరియస్‌గా తీసుకోవాలి.